చచ్చే వీల్లేని మాస్టారు

మొన్న మా మనవరాలి బళ్ళో తల్లిదండ్రుల సభ పెట్టి ఒక డాక్టరమ్మను పిలిచారు. మా కోడలికి ఒంట్లో బాగాలేక నన్ను పంపింది. ఆ డాక్టరమ్మ ఆటిజం గురించి మాట్లాడింది. అలాంటి పిల్లలు ఎదుటివాళ్ళ మొహంలోకి చూడరని, మనం అన్న మాటే తిరిగి అంటారని, వస్తువులు వరసగా పేర్చుకుంటారని, అలవాటైనది ఏ కాస్త మారినా తట్టుకోలేరని ఒక్కొక్కటే చెప్పుకుపోతోంది. పక్కవాళ్ళు కొత్తగా వింటున్నారు. నాకు మాత్రం ఇదంతా తెలుసు. డెబ్బైల్లో, బెజవాడలో, ఏలూరు కాలవ పక్కన ఒక రెండు గదుల వాటాలో, ఒక పిల్లలో నా కళ్ళతో చూశాను. అప్పుడు దీనికి పేరు లేదు. ఉన్నా మాదాకా రాలేదు. గాలి సోకిందనేవాళ్ళు కొందరు, పూర్వుల పాపమనేవాళ్ళు కొందరు. ఆ పిల్ల తండ్రి మాత్రం "మా అమ్మాయి కాస్త తేడా అండీ" అని ఊరుకునేవారు.

సభ అయిపోయి అందరూ లేచినా నేను లేవలేదు. ఆ తండ్రిని, అంటే మాస్టార్ని, తలుచుకుని చాలా ఏళ్ళయింది.

నేను అప్పట్లో బీమా ఏజెంటుని. గవర్నర్‌పేటలో బట్టల కొట్ల పైన మా బ్రాంచి ఆఫీసు. ఏజెంటు బతుకు ఎలాంటిదో చెబితే మీరు నవ్వుతారు. నా సైకిలు కనబడితే తెలిసినవాళ్ళు సందు తిరిగిపోయేవాళ్ళు. మా సొంత మేనమామ ఇంట్లో మంచం మీద పడుకుని, ఊళ్ళో లేడని పిల్లాడి చేత చెప్పించాడు. నా పని జనాన్ని భయపెట్టడం, దాచడమెందుకు! రేపు మీకేమన్నా అయితే పిల్లల గతేంటండీ అని మెల్లగా అడగాలి, వాళ్ళ మొహం పాలిపోగానే ఫారం బయటికి తీయాలి. ఆ విద్య నాకు బాగానే పట్టుబడింది. అలాంటి నన్ను తనంతట తాను వెతుక్కుంటూ వచ్చిన మనిషి, నా సర్వీసు మొత్తంలో ఈయనొక్కరే.

మెట్లన్నీ కమ్మీ పట్టుకుని ఎక్కి వచ్చారు. కూర్చోమంటే ముందు కుర్చీని రెండు చేతులతో ఊపి చూసుకున్నారు. అది గట్టిదేనని నమ్మకం కుదిరాక కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, "నాకు చచ్చే వీల్లేదండీ. ఏం చెయ్యాలో చెప్పండి" అన్నారు.

నేను రోజూ వల్లించే మాటలతో పని లేకపోయింది. భయపెట్టడానికి ఆయన దగ్గర ఖాళీ ఎక్కడుంది?

మిషన్ బడిలో చిన్న తరగతులకి తెలుగూ చేతిరాతా చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎండా వానా లేకుండా చంకలో గొడుగు. ఎప్పుడూ తెల్లచొక్కాయే, ఎందుకంటే రంగు చొక్కా వేసుకున్న రోజున కూతురు గోడకి తల బాదుకునేదట. భార్య పిల్ల నడక నేర్చిన ఏడే జ్వరంతో పోయింది. మళ్ళీ చేసుకోమని చర్చిలో పెద్దలు చెప్పి చూశారు. "వచ్చే ఆవిడ నన్ను చూస్తుందండీ, దీన్ని చూస్తుందో లేదో" అని తప్పించుకున్నారు.

చచ్చే వీల్లేదన్నది ఆయన మాటవరసకి అన్నది కాదు. అచ్చంగా అలాగే బతికేవారు. గవర్నర్‌పేటలో రోడ్డు దాటాలంటే ఎద్దుబండి వచ్చేదాకా ఆగేవారు. బండి దాటుతుంటే దాని చాటున ఆయనా దాటేవారు. చేపల్లో కొర్రమీను తప్ప ఇంకోటి ముట్టేవారు కాదు, ముల్లు గొంతులో పడుతుందని. ఒకసారి మా ఇంటికి భోజనానికి పిలిస్తే మా ఆవిడ మోజుగా పులుసు పెట్టింది. ఆయన ప్రతి ముక్కా వేళ్ళతో చిదిపి చిదిపి చూసుకుంటూ కూర్చునేసరికి పులుసు చల్లారిపోయింది. "ఏంటండీ ఆ మనిషి, నేనేదో విషం కలిపినట్టు!" అని మా ఆవిడ వంటింట్లో గొణుక్కుంది. గాలి వేసే రోజున బ్యారేజీ వైపు వెళ్ళేవారు కాదు. ఉరిమితే బడి వరండా దిగేవారు కాదు. తోటి మాస్టర్లు వెనకాల పిరికి మాస్టారని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "నవ్వనివ్వండి. వాళ్ళకి పోయే వీలుందండీ" అనేవారు.

రేపటి గురించి ఏం చెప్పినా చివర "ప్రభువు చిత్తమైతే" అనడం వాళ్ళ క్రైస్తవుల్లో మామూలే. ఈయన ఆ మాట అన్నాక ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, "చిత్తం కావాలండీ" అని కలిపేవారు. ప్రార్థన లాగా అనేవారు కాదు, గట్టిగా చెబుతున్నట్టే ఉండేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆ పిల్లని చూశాక నవ్వు పోయింది.

పేరు దీవెన. నేను మొదటిసారి చూసేటప్పటికి పదీ పదకొండేళ్ళు ఉంటాయేమో. వరండాలో చింతగింజలు వరస పెట్టుకుంటోంది. "బాగున్నావా అమ్మా?" అన్నాను. "అమ్మా" అంది, నా భుజం మీదుగా ఎటో చూస్తూ. ముట్టుకుంటే అరుస్తుంది. సగంలో ఆగిపోయింది ఏదైనా సరే తట్టుకోలేదు. తలుపు ఓరగా ఉంటే లేచి వెళ్ళి వేస్తుంది, గ్లాసులో మంచినీళ్ళు సగముంటే నిండా పోస్తుంది, చొక్కా గుండీ ఒకటి ఊడితే వచ్చి పెట్టి పోతుంది. పారే నీళ్ళంటే మాత్రం ప్రాణం. ఇంటి ఎదురుగా ఏలూరు కాలవ. గట్టు అంచున నిలబడి, చేతులు రెండూ గాలిలో ఆడిస్తూ, గంటలకొద్దీ ఆ నీళ్ళనే చూసేది. వెనక మాస్టారు నిలబడేవారు, పట్టుకోవడానికి వీల్లేకుండా, వదలడానికి వీల్లేకుండా. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేసేవాళ్ళు గదా, ఆ రోజుల్లోనే ఆయన మొహం కాస్త తేటపడేది. "నీళ్ళు ఆపేశారండీ, కాస్త కునుకు పడుతోంది" అనేవారు. డెల్టాలో నీళ్ళు ఎప్పుడొదులుతారా అని రైతులందరూ ఎదురుచూస్తుంటే, వదలకుండా ఉంటే బాగుణ్ణు అనుకునే మనిషి ఈయనొక్కరే అయివుంటారు.

పాలసీ రాశాం. కంపెనీ డాక్టరు గొట్టం గుండె మీద పెట్టినప్పుడు మాస్టారు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. "ఊపిరి వదలండి మాస్టారూ, నేను వినాలి" అని ఆ డాక్టరు కసిరాడు. సరేననిపించుకుని బయటపడ్డాక వరండాలో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆ తర్వాత నేను వివరంగా చెప్పాను. ఆయనకేదైనా అయితే డబ్బు దీవెనకి వస్తుంది. ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఆమె తరఫున ఒక పెద్దమనిషి తీసుకోవాలి. ఆయన తన తమ్ముడి పేరు చెప్పారు. ఉన్నది ఆ ఒక్క తమ్ముడే. పద్దెనిమిది నిండాక మాత్రం పిల్లే సంతకం పెట్టి తీసుకోవాలన్నాను.

"సంతకమా?" అన్నారు.

"రాకపోతే వేలిముద్ర వేయిస్తామండీ. సగం జనం వేలిముద్రలేగా" అన్నాను తేలిగ్గా.

అంత మెత్తటి మనిషి బల్లమీద అరచేయి చరిచారు. "వేలిముద్ర వద్దండీ. ఏదైనా గానీ, నా కూతురు వేలిముద్ర మాత్రం వెయ్యదు."

ఎందుకో ఆ రోజే చెప్పారు. వాళ్ళది కంకిపాడు దగ్గర పల్లె. తండ్రి ఒక ఆసామి దగ్గర పాలేరు. ఆయన కడుపు మాడ్చుకుని కాలవ కింద అరెకరం మాగాణి కొనుక్కున్నాడు. ఒక ఏడు విత్తనాల వడ్లు చాలకపోతే ఆసామి అప్పిచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఏం రాసుందో చదవడం రాదు, అడగడానికి నోరు రాదు. మరుసటేడు చేలోకి వెళితే అక్కడ ఆసామి అరక తిరుగుతోంది. అప్పట్నుంచి ఆ పెద్దాయన ఏ పనిలో ఉన్నా ఆ బొటనవేలిని పంచెకి తుడుచుకుంటూనే ఉండేవాడట. కొడుకులిద్దర్నీ మిషన్ బడికి తోలింది అందుకే. "అఆలు తర్వాత నేర్పండయ్యా, ముందు మావోడికి సంతకం నేర్పండి అని పంతులుగారిని బతిమాలాడండీ మా నాన్న" అని మాస్టారు తన బొటనవేలు వైపు చూసుకున్నారు.

ఆ సాయంత్రం నుంచే దీవెనకి సంతకం నేర్పడం మొదలైంది. చెయ్యి పట్టుకుని దిద్దించే వీల్లేదు గదా. కృష్ణ ఇసక పళ్ళెంలో పోసి, పిల్ల ఎదురుగా కూర్చుని, తనే వేలితో "దీవెన" అని రాసేవారు. పిల్ల చెరిపేసేది. మళ్ళీ రాసేవారు. అలా ఎన్ని నెలలు గడిచాయో. నేను వెళ్ళినప్పుడల్లా ఆ పళ్ళెమే, ఆ మూడక్షరాలే. నాకే విసుగొచ్చి, "ఎందుకండీ ఈ యాతన" అన్నాను ఒకసారి. ఆయన వినిపించుకోలేదు.

ఒక రోజు రాస్తుండగా వీధిలో ఎవరో పిలిస్తే చివరి అక్షరానికి కొస గీత మిగిల్చి లేచి వెళ్ళారట. వచ్చి చూస్తే ఆ గీత పిల్ల గీసేసి ఉంది. మాస్టారికి పట్టు దొరికింది. ఆ రోజు నుంచి కావాలనే చివర కాస్త మిగిల్చి ఊరుకునేవారు. పిల్ల ఉండబట్టలేక పూర్తి చేసేది. తర్వాత చివరి అక్షరమంతా మిగిల్చారు. తర్వాత రెండు. ఇలా వెనక నుంచి ముందుకి వచ్చి, చివరికి ఖాళీ ఇసక పెట్టి, ఖాళీ పలక పెట్టి, ఖాళీ కాగితం పెట్టి ఊరుకున్నారు. పూర్తిగా రాసింది. ఏళ్ళు పట్టింది. ఆ రోజు ఆయన నా దగ్గరికి బందరు లడ్డూలతో వచ్చారు. గొడుగు ఎక్కడో మర్చిపోయారు. "నా కూతురికి సంతకం వచ్చిందండీ ఏజెంటు గారూ, ఇంక ఎవడూ ఏం చెయ్యలేడు!" అని మెట్లమీదే నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన పళ్ళన్నీ కనబడేలా నవ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను.

ఆ ఆదివారం చర్చి కాగానే భోజనానికి రమ్మన్నారు, నన్నూ తమ్ముణ్ణీ. తమ్ముడు అప్పటికి ఇబ్రహీంపట్నంలో కడుతున్న కరెంటు కేంద్రంలో పనికి కుదిరాడు. అన్నకి పూర్తిగా వ్యతిరేకం. గలగలా మాట్లాడతాడు, పెద్దగా నవ్వుతాడు, బల్ల మీద కోడికూర గిన్నె తన వైపు లాక్కుంటాడు. దీవెన కోసం రంగు గోళీలు తెచ్చేవాడు. "బాబాయి బంగారం అనమ్మా" అంటే, అది "బంగారం అనమ్మా" అనేది. అతను పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ ఇంటికి బంధువంటూ వచ్చేది అతనొక్కడే.

భోజనాలయ్యాక మాస్టారు తెల్ల కాగితం తెచ్చి కూతురి ముందు పెట్టి, పెన్ను పక్కన పెట్టారు. అది వంగి, ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా పెట్టి, మూడక్షరాలూ రాసింది. గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి, అచ్చం తండ్రి చేతిరాత. తమ్ముడికి కళ్ళంట నీళ్ళొచ్చాయి. "ఓసి నా తల్లే! ఏదీ, బాబాయికొకటి పెట్టు" అని ఇంకో కాగితం పెట్టాడు. అడుగున పెట్టింది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "మా ఇంటిదానికి చూపించాలన్నయ్యా, నమ్మదది. బస్సుకి టైమైంది, వస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మాస్టారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నేను సరదాకి నా సంచిలోంచి ఒక ఖాళీ ఫారం తీసి బల్లమీద పెట్టానో లేదో, దీవెన వచ్చి సంతకం పెట్టింది. పేపరు అంచున పెట్టింది. గోళీలు చుట్టి తెచ్చిన కాగితం మీద పెట్టింది. మాస్టారి నవ్వు అలాగే పెదాల మీద ఉండిపోయి, కళ్ళల్లోంచి మాత్రం పోయింది. ఖాళీ కాగితం కూడా ఆ పిల్లకి సగంలో ఆగిన పనే. ఎవరు పెట్టినా సరే, ఏం రాసున్నా సరే, ఏమీ రాయకపోయినా సరే.

"వాడి జేబులో తెల్లకాగితం ఉందండీ" అన్నారు.

"ఎవరి జేబులో? తమ్ముడి జేబులోనా? అయ్యో మాస్టారూ..." అంటూనే ఉన్నాను, ఆయన లేచి పరిగెత్తారు. రోడ్డు దాటడానికి బండి చాటు వెతుక్కునే మనిషి, లారీలకీ రిక్షాలకీ అడ్డంపడి పరిగెత్తుతున్నారు. ఒక లారీవాడు బ్రేకు వేసి బూతులు తిట్టాడు. ఒక చెప్పు ఊడిపోయినా ఆగలేదు. పిల్లని పక్కవాటా ఆవిడకి అప్పగించి నేనూ వెనక పడ్డాను. బస్టాపు చేరేసరికి తమ్ముడు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి ఉన్నాడు.

"ఒరేయ్, ఆ కాయితం ఇటివ్వు."

"ఏ కాయితం అన్నయ్యా? అట్టా రొప్పుతున్నావేంటి, ఏమైంది?"

"పాప సంతకం పెట్టిందే, అది. ఇచ్చెయ్."

"మా ఇంటిదానికి చూపిస్తానన్నానుగా."

"చూపించొద్దు. ఇచ్చెయ్."

తమ్ముడికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక మొహంలో నెత్తురంతా దిగిపోయింది. జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. "చూసుకో. ఏమన్నా రాశానేమో చూసుకో. ఎకరాలు రాయించుకున్నానా, మేడలు రాయించుకున్నానా? నన్ను దొంగనుకున్నావా అన్నయ్యా?" అని దాన్ని అన్న చేతిలో పెట్టి బస్సెక్కేశాడు. కిటికీ పక్కనే కూర్చున్నాడు గానీ ఇటు తిరగలేదు.

మాస్టారు ఆ కాగితాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, రోడ్డు మీద పారెయ్యడానికి కూడా భయపడి, తన జేబులోనే పోసుకున్నారు. ఒక కాలికి చెప్పు లేదు. నాకు కోపమొచ్చింది. ఆయన్ని చూసి జాలీ వేసింది.

"వాడు మంచోడేనండీ. నాకు తెలుసు" అన్నారు.

"మరి ఇదేం పనండీ?"

"మా నాన్న చేత వేలిముద్ర వేయించుకున్న ఆసామి కూడా మంచోడేనండీ. మా అమ్మ పురిటికి బండి కట్టించి ఆసుపత్రికి పంపాడు."

నేను వెనక్కి నడిచి ఆ ఊడిన చెప్పు వెతికి తెచ్చాను.

తమ్ముడు ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. మాస్టారు ఉత్తరం రాశారు, జవాబు రాలేదు. ఇంక ఆయన భయం రెండు రకాలైంది. ఇదివరకు తను పోతే పిల్లకి ఎవరూ ఉండరని భయం. ఇప్పుడు ఉండేవాళ్ళెవరో వచ్చి ఆ ముద్దుముద్దు మూడక్షరాలూ రాయించుకుంటారని భయం. నేర్పింది మరిపిద్దామని చూశారు. ఇంట్లో పెన్నులూ పెన్సిళ్ళూ దాచేశారు. అది బొగ్గుతో గోడల మీద రాసింది. బొగ్గు దాస్తే కంచంలో మజ్జిగతో రాసింది, వానకి తడిసిన అరుగు మీద వేలితో రాసింది. నేను ప్రీమియం కోసం వెళితే, మాస్టారు తడిగుడ్డతో గోడ తుడుస్తూ కనబడేవారు. ఒకచోట తుడుస్తుంటే అది ఇంకోచోట రాస్తూ ఉండేది. ఆ ఇంట్లో ఎటు చూసినా తన సొంత దస్తూరీయే ఆయన్ని భయపెట్టేది. "ఎంత బాగా నేర్పానండీ!" అన్నారు ఒకసారి, గుడ్డ పిండుతూ. అంత భయం వేసే మాట నేను మళ్ళీ వినలేదు.

ఒక మధ్యాహ్నం బడి మానేసి ఆఫీసుకొచ్చారు. పాలసీలో తమ్ముడి పేరు మార్చాలన్నారు. "మార్చేద్దామండీ, ఎవరి పేరు రాయమంటారు?" అని కలం తీశాను. ఆయన నోరు తెరిచారు. పాస్టరుగారి పేరు చెప్పబోయి, ఆయనకి బదిలీలుంటాయని ఆగారు. హెడ్మాస్టరుగారన్నారు, వయసు మీద పడిందన్నారు. పక్కవాటా ఆవిడన్నారు, ఆవిడ భర్త తాగుతాడన్నారు. నా పేరు రాసుకోమందును గానీ, నన్నూ నమ్మరని తెలుసు. అందుకు నాకేం కష్టంగా లేదు. ఆయన తన నీడనే నమ్మేవారు కాదు. ఫ్యాను తిరుగుతోంది, కింద బట్టల కొట్లో బేరాలు వినబడుతున్నాయి. ఇంత ఊళ్ళో ఆయన నోట ఒక్క పేరు నిలబడలేదు. చివరికి లేచి, "ఉండనివ్వండి. వాడి పేరే ఉండనివ్వండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. దీవెనకి పద్దెనిమిది నిండగానే ఆ పేరుకీ పని లేకుండా పోయింది. మిగిలింది ఆ సంతకమే.

ఆయన పోయింది రోడ్డు మీద కాదు, కాలవలో కాదు, ముల్లు అడ్డంపడీ కాదు. బడిలో, తన కుర్చీలో, పిల్లలకి చేతిరాత ఇచ్చి కూర్చున్నప్పుడు గుండె ఆగిపోయింది. కునుకు తీస్తున్నారనుకుని పిల్లలు గంట కొట్టేదాకా అల్లరి చెయ్యకుండా రాసుకుంటూనే ఉన్నారట. కబురు విన్నప్పుడు ముందు నాకు దేవుడి మీద పట్టలేనంత కోపం వచ్చింది. నా దేవుడా వాళ్ళ దేవుడా అని కాదు, పైన ఎవడుంటే వాడి మీద. ఆ తర్వాత భయం మొదలైంది. ఆయన మోసినదంతా నా నెత్తి మీద పడ్డట్టయింది.

సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే దీవెన ప్రతి వాక్యం చివరి మాటా తిరిగి అంటోంది. ఎవరూ వారించలేదు. తమ్ముడు దూరంగా నిలబడ్డాడు. మట్టి వేయడం అయ్యాక, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ పిల్ల బట్టల మూట తీసుకుని, ముందు నడిచాడు. ఆ పిల్ల వెనక నడిచింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. బస్టాపులో అంత మాట పడ్డ మనిషి. ఆ ఇంట్లో ఎలాంటిదో తెలియని భార్య. ఏ కాగితం పెట్టినా సంతకం పెట్టే పిల్ల.

నాలుగు నెలలకి క్లెయిము కాగితాలు పట్టుకుని నేను ఇబ్రహీంపట్నం వెళ్ళాను. దారి పొడుగునా లారీల దుమ్ము. ఆ ఇంట్లో ఏం చూడాల్సి వస్తుందోనని బస్సులో కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. రేకుల ఇల్లు. తమ్ముడి భార్య "రండి" అని ముక్తసరిగా అని లోపలికి పోయింది. దీవెన గుమ్మం పక్కన చాప మీద ఉంది. ఒళ్ళు శుభ్రంగా ఉంది, జడ వేసుంది. నేను సంచిలోంచి కాగితం తీయగానే లేచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. చెయ్యి పెన్ను కోసం వెతుకుతోంది.

తమ్ముడు గబుక్కున కాగితం మీద అరచేయి కప్పేశాడు. "ఆగమ్మా. బాబాయి చదవాలి."

ఒక్కో మాట కిందా వేలు పెట్టుకుని, పైకే చదివాడు. అర్థం కాని చోట నన్నడిగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. వెనక్కి తిప్పి, "ఇటంతా ఖాళీగా ఉందేంటండీ?" అన్నాడు. మామూలేనండీ అన్నాను. మామూలైతే కుదరదని, ఆ ఖాళీ అంతా నిండేలా ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డగీతలు కొట్టాడు. ఆఫీసులో నన్ను తిడతారని తెలిసినా కొట్టనిచ్చాను. అప్పుడు చెయ్యి తీశాడు. అది సంతకం పెట్టింది. కాగితం వెంటనే లాగి నా చేతిలో పెట్టి, పెన్ను తన జేబులో పెట్టుకున్నాడు.

"మొన్న చీటీలాయన పుస్తకం బల్లమీద పెట్టి మంచినీళ్ళు తాగుతున్నాడండీ. ఇది పోయి సంతకం పెట్టేసింది. ఆయన కాలర్ పట్టుకుని ఆ కాయితం చింపించాను. పాపం, ఏం ఎరగడు. ఊళ్ళో నాకు పిచ్చి పట్టిందంటన్నారు."

"పట్టకేం! రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నాడు. ఉన్న ఇద్దరు పిల్లలు చాలకనా మాకీ గోల" అని లోపలి నుంచి భార్య గొంతు వినిపించింది.

"ఆ రోజు బస్టాపులో అన్నయ్య మీద నాకు కోపమొచ్చింది. ఇయ్యాళైతే నేనూ పరిగెత్తేవాణ్ణండీ" అన్నాడు. దీవెన వైపు చూశాడు. అది మళ్ళీ చాప మీదికి వెళ్ళిపోయి గోళీలు పేర్చుకుంటోంది. "నా పేరు మీద ఒక పాలసీ రాయండి ఏజెంటు గారూ. మా నాన్న చేలో కూలబడి పోయాడు. అన్నయ్య కుర్చీలో పోయాడు. మా ఇంట్లో మగాళ్ళ గుండెలింతే. నేను పోతే దీనికెవరండీ?"

అతను ఆ మాట అంటుంటే నాకు దుఃఖం ఆగలేదు. ఈ ఒక్క మాట వినడానికైనా మాస్టారు ఇంకో నాలుగు నెలలు బతికి ఉండకూడదా అని, ఆ రేకుల కింద కూర్చుని బావురుమన్నాను.